రాగి గొట్టం సాక్ష్యం

2015 మార్చిలో నన్ను టెస్టింగ్ విభాగానికి మేనేజరుగా వేశారు. సికింద్రాబాదులో కార్ఖానా బజారు దాటి కొంచెం లోపలికి వెళితే వచ్చే చిన్న ఫ్యాక్టరీ అది. గ్యాసుతో నడిచే జనరేటర్ ఇంజన్లకు అల్యూమినియం సిలిండర్ హెడ్లు తయారు చేసేవాళ్ళం. నా పైన వర్క్స్ మేనేజరు ప్రసాదరావు గారు, ఆయన పైన ఎప్పుడో తప్ప కనిపించని యజమానులు. ప్రమోషన్ వచ్చిందని ఇంట్లో స్వీట్లు పంచారు. నా ముందున్న ఆయన ఆ కుర్చీ వదిలి స్టోర్సుకు ఎందుకు బదిలీ అడిగి పారిపోయాడో మాత్రం నాకెవరూ చెప్పలేదు. ఆ కుర్చీలో పెట్టే సంతకం మీద ఒకరి ఉద్యోగం వేలాడుతుందని నెల తిరక్కుండానే నాకే తెలిసింది.

సిలిండర్ హెడ్ అంటే ఇంజన్‌కు మూత. ఇంజన్ గాలి పీల్చుకునే దారి, పొగ వదిలే దారి ఆ మూతలోనే ఉంటాయి. వాటిని పోర్టులంటారు. పీల్చుకునే పోర్టు కాస్త దూరం తిన్నగా పోయి, వాల్వు దగ్గర ఒక్కసారిగా కిందికి వంగుతుంది. మా వృత్తిలో సగం తగాదాలు ఆ వంపు దగ్గరే మొదలవుతాయి. పోత పోసి వచ్చిన హెడ్డులో పోర్టు గరుకుగా ఉంటుంది. దాన్ని చేతి గ్రైండరుతో నున్నగా, కొలతకు సరిపడా తీర్చాలి. మా దగ్గర ఆ పని చేసేది ఒక్క యాదగిరి.

యాదగిరిది బోయిగూడ. ఫ్యాక్టరీ మొదలైనప్పటినుంచీ ఉన్న మనిషి. పనిలో ఎంత నేర్పో నోటికి అంత దురుసు. కొత్త మేనేజరును కదా అని పలకరించబోతే, "ఆఫీసుల కూసునెటోళ్ళు మస్తుగ వస్తుంటరు మేడం, పోతుంటరు" అన్నాడు. నాకూ కోపం ముక్కు మీదే ఉంటుంది. మొదటి వారంలోనే ఇద్దరం రెండుసార్లు అరుచుకున్నాం.

ఆ వేసవిలో ఒక కొత్త కస్టమరు వచ్చాడు. ప్రతి హెడ్డులోంచీ ఎంత గాలి పోతుందో కొలిచి, మాస్టర్ హెడ్డుతో పోల్చి, రిపోర్టు జతచేసి పంపాలన్నది అతని షరతు. మాస్టర్ హెడ్ అంటే ఫ్యాక్టరీలో మొట్టమొదట అన్ని పరీక్షలూ నెగ్గిన హెడ్డు. ఇకముందు చేసేవన్నీ దీనిలా ఉండాలి అని ముద్ర వేసి దాచిపెడతారు. మాది ప్రసాదరావు గారి గదిలో అద్దాల బీరువాలో ఉండేది. తాళం చెవి ఆయన జేబులో. బయటికి తీయాలంటే చేతికి గుడ్డ తొడుగులు వేసుకోవాలి.

గాలిని కొలిచే యంత్రాన్ని ఫ్లో బెంచి అంటారు. చూడడానికి పెద్ద చెక్కపెట్టె. లోపల గాలిని లాగే మోటార్లుంటాయి. పైన హెడ్డు బిగించి, వాల్వు కొంచెం తెరిచి, మోటార్లు వేస్తే పోర్టులోంచి గాలి లోపలికి పోతుంది. ఎంత పోతోందో పక్కనున్న గాజు గొట్టంలో నీటి మట్టం చూపిస్తుంది. ఆ పద్ధతిలో మొదటి లాటు హెడ్లన్నీ కొలిచాం. ఒక్కటి కూడా మాస్టర్ దరిదాపుల్లోకి రాలేదు.

అన్ని వేళ్ళూ యాదగిరి వైపే తిరిగాయి. ఎందుకంటే అప్పటికే క్యాంటీన్లో ఒక గుసగుస ఉంది. యాదగిరి టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగుతున్నాడని. ఏళ్ళ తరబడి గ్రైండరు పట్టుకున్నవాళ్ళకు ఆ అదురు చేతుల్లో దిగిపోతుంది, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, కొందరికి వణుకు వస్తుంది. చెయ్యి పట్టు తప్పి పోర్టు నేలను, అంటే అడుగు వైపును, ఎక్కువగా కోసేశాడని ప్రసాదరావు గారు తేల్చేశారు. యాదగిరి ఊరుకోక ఆయన గదిలోకి వెళ్ళి నాలుగు మాటలు అన్నాడు. మర్నాడే ఛార్జి మెమో చేతిలో పెట్టారు. నీ మీద ఈ తప్పు మోపుతున్నాం, సంజాయిషీ చెప్పుకో అనే నోటీసు అది. తర్వాత జరిగేది అంతర్గత విచారణ. ముగ్గురు సభ్యుల కమిటీ కూర్చుంటుంది, టెస్టింగ్ మేనేజరు సాంకేతిక నివేదిక ఇస్తుంది, దాని మీద నిర్ణయం జరుగుతుంది. అంటే నేను "ఎక్కువ కోశాడు" అని సంతకం పెడితే యాదగిరి ఉద్యోగం పోతుంది, హెడ్లన్నీ కరిగించే కొలిమికి పోతాయి. చెయ్యి పోయిన గ్రైండరు మనిషిని లాలాగూడ నుంచి బాలానగర్ దాకా ఇంకెవరూ పనిలోకి తీసుకోరు. విచారణ ఆ శనివారానికి పెట్టారు.

ఫ్లో బెంచి మొత్తం ఎంత గాలి పోతుందో చెబుతుందే తప్ప పోర్టులో ఏ మూల గాలి మందగించిందో చెప్పదు. అది తెలియకుండా ఒకడు ఎక్కువ కోశాడని ఎలా రాయను? పోర్టులోకి దూర్చి, చోటుచోటునా గాలి వేగం చూసే సన్నని గొట్టం కావాలి. మేం దాన్ని ప్రోబ్ అంటాం. తెప్పించాలంటే నెలలు పడుతుంది. నేనే చేద్దామని కూర్చున్నాను.

ఇందులో ఒక చిక్కు ఉంది. గొట్టం నోరు గాలికి ఎదురుగా ఉండాలి, గాలి సూటిగా నోట్లోకి కొట్టాలి. పీల్చుకునే పోర్టులో గాలి మన వైపునుంచే లోపలికి పోతుంది కాబట్టి తిన్నని గొట్టం దూర్చితే అది గాలికి వీపు తిప్పి నిలబడుతుంది. అందుకే కొనను గొడుగు కాడలా వెనక్కి వంచాలి. గొట్టం లావుగా ఉంటే అదే గాలికి అడ్డుపడి లెక్క చెడగొడుతుంది. సన్నగా ఉంటే గాలి దెబ్బకు ఊగిపోతుంది.

ఫ్రిజ్‌ల వెనక సన్నటి రాగి గొట్టం చుట్టలుగా ఉంటుంది, మెకానిక్కులు క్యాపిలరీ అంటారు. లాలాగూడలో ఒక రిపేరు షాపులో అది కొనుక్కొచ్చాను. ఎర్రగా కాల్చి చల్లార్చితే రాగి మెత్తబడుతుంది. అప్పుడు ఒక బోల్టు చుట్టూ నెమ్మదిగా వంచాలి. తొందరపడితే నలుగుతుంది. మొదటిది నలిగింది. తర్వాతి దానికి ఊతపుల్ల అతికించబోతే టంకం నోట్లోకి పాకి మూసుకుపోయింది. ఆ తర్వాతది కుదిరింది. ఊగకుండా పక్కన ఒక సైకిల్ స్పోకు పెట్టి అతికించాను. కొనను ఆకురాయితో చదును చేసి, నోటి అంచున మిగిలిన పొరను కుట్టుసూదితో తీశాను. లోతు తెలియడానికి స్పోకు మీద నా గోళ్ళ రంగుతోనే గీతలు పెట్టాను. రెండో చివరకు సెలైన్ గొట్టం తగిలించి, రంగు నీళ్ళు నింపిన గాజు గొట్టానికి కలిపాను. నోటిని వేలితో మూసి, గాలి కొంచెం లాగి చూస్తే, ఎక్కడా కారడం లేదంటే, నీటి మట్టం కదలకుండా నిలబడాలి. నిలబడింది. తిన్నని పైపులో పెట్టి, ల్యాబులో ఉన్న, వంపుల్లోకి దూరని కొన్న పరికరంతో పోల్చి చూశాను, రెండూ ఒకే మాట చెప్పాయి.

మా టెక్నీషియన్లు దానికి గొడుగు అని పేరు పెట్టారు. యాదగిరి గుమ్మంలో నిలబడి, "ఏందీ మేడం, గీ పుల్లతోని నా నౌకరి తీస్తరా?" అన్నాడు. నేను గొడుగు నోటిని సూదితో మళ్ళీ ఒకసారి సరిచూసుకున్నాను.

గురువారం హెడ్లు ఒక్కొక్కటిగా బెంచి మీద పెట్టాను. పోర్టు పైకప్పు దగ్గర గాలి బాగానే ఉంది. మధ్యలో బాగుంది. గొడుగును కిందికి దింపి, వంపుకు కాస్త ముందు నేల దగ్గరికి తెచ్చేసరికి నీటి మట్టం పడిపోయి గజగజ వణికింది. అక్కడ గాలి నేలను విడిచి సుడి తిరుగుతోంది. పోర్టు మోత కూడా కుక్కరు కూతకు ముందు చేసే చప్పుడులా ఉంది. ఆ తర్వాత ప్రసాదరావు గారి సమక్షంలో మాస్టర్ హెడ్డును తెచ్చి బిగించాం. నేలకు తగలనీయొద్దని ఆయన పక్కనే నిలబడి హెచ్చరిస్తూంటే, గొడుగును గాలిలోనే ఆపి చూశాను. మాస్టర్‌లో మోత లేదు. గాలి నేల వెంబడి బుద్ధిగా వంగి పోతోంది.

ఇంకేముంది! నేల దగ్గర ఎక్కువ కోత పడింది కాబట్టి వంపు మొనదేలింది, గాలి తిరగలేకపోతోంది అనే ఎవరైనా అనుకుంటారు. నేను చేసిన ప్రోబే యాదగిరి మెడకు ఉరి బిగించింది. ప్రసాదరావు గారి కుటుంబం, మా కుటుంబం రెండూ ఉత్తరాంధ్ర నుంచి వచ్చినవే. ఆ చనువుతో ఆయన, "ఏటమ్మా సుజాతా, ఇంకేటి కావాల? రాసేయ్" అన్నారు. రేపు సాయంత్రం ఇస్తానన్నాను. ఆయన ముఖం మాడ్చుకుని మాస్టర్‌ను తీసుకుని వెళ్ళిపోయారు.

ఆయన వెళ్ళాక యాదగిరి లోపలికి వచ్చాడు. అరవలేదు. మెషిన్ల దగ్గర ఎప్పుడూ వినిపించే ఆ గొంతు ఎక్కడికి పోయిందో! కుడి చెయ్యి చాచి నా ముందు పెట్టాడు. వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి.

"జెర నిజం చెప్పున్రి మేడం. నౌకరి సంగతి తర్వాత. నా చెయ్యి పోయిందా?"

"తెలీదు యాదగిరీ. రేపటిదాకా ఆగు."

"నాకు సుత తెలుస్తలేదు. గ్రైండర్ పట్టినప్పుడు నిమ్మలంగనే ఉంటది. ఇడిస్తె వణుకుతది. ఇంట్ల ఎవ్వరికి చెప్పలే."

చేరిన వారంలోనే నాతో గొడవపడ్డ మనిషేనా ఇతను అనిపించింది. ఉద్యోగం పోతుందని భయపడేవాళ్ళను చాలామందిని చూశాను. తన చెయ్యి తనది కాకుండా పోయిందేమోనని భయపడేవాణ్ణి మొదటిసారి చూశాను.

శుక్రవారం పొద్దున్న తలుపు వేసుకుని అన్ని హెడ్ల అంకెలూ ఒకే గ్రాఫు కాగితం మీద గీశాను. గీతలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఏ హెడ్డు గీత ఏదో గుర్తుపట్టలేనంతగా కలిసిపోయాయి. వణికే చెయ్యి తప్పు చేస్తే ఒక హెడ్డులో ఎక్కువ కోస్తుంది, ఇంకోదానిలో తక్కువ కోస్తుంది, మూడోదానిలో పక్కకు జారుతుంది. ప్రతి హెడ్డులోనూ అదే చోట, అదే లోతున, అంతే తప్పు ఎలా చేస్తుంది? ఇది చెయ్యి పోయినవాడి పని కాదు. ఇంత నిలకడగా కోసేవాడు మా ఫ్యాక్టరీలో ఇంకొకడు లేడు.

అయితే కొలత ఇచ్చినవాళ్ళదే తప్పు కావాలి. పోర్టు ఆకారాన్ని సరిచూసే గేజీలు తెప్పించి డ్రాయింగుతో పోల్చాను. గేజీలు సరిగ్గా ఉన్నాయి. గేజీలతో హెడ్లు పోల్చాను. అవీ సరిపోయాయి. డ్రాయింగు, గేజీలు, హెడ్లు మూడూ ఒక్క మాట మీద ఉన్నాయి. వేరే మాట చెబుతున్నది ఒక్క మాస్టర్ హెడ్డే. దాన్ని ఆఖరుసారి ఎవరు కొలిచారని అడిగితే మా విభాగంలో అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మాస్టర్‌తో మిగతావాటిని కొలుస్తారు. మాస్టర్‌నే కొలవాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

ప్రసాదరావు గారి గదికి వెళ్ళి, మాస్టర్ మళ్ళీ కావాలి, ఈసారి ప్రోబును నేలకు తగిలిస్తాను అన్నాను. ఆయనకు ఒళ్ళు మండింది.

"గీత పడిందంటే కస్టమరు ఊరుకుంటాడా? మాస్టర్‌నే అనుమానిస్తే మనకింకేటి మిగుల్తాదమ్మా?"

"గీత పడితే రేపటి విచారణలో యాదగిరి పక్కన నన్నూ కూర్చోబెట్టండి" అన్నాను. ధైర్యంగా అన్నానని కాదు. నోరు జారింది. మాస్టర్ చెడిపోతే ఫ్యాక్టరీ నుంచి ఒక్క హెడ్డు కూడా బయటికి వెళ్ళదని నాకూ తెలుసు. ఆయన నన్ను ఎగాదిగా చూసి తాళం తీశారు.

బెంచి మీద మాస్టర్‌ను బిగించాం. మోటార్లు వేయలేదు, గాలితో పని లేదు. టార్చి వేసి చూస్తే పోర్టు లోపలంతా తళతళ మెరుస్తోంది, మంచి అల్యూమినియం ఎలా మెరుస్తుందో అలాగే. గొడుగును లోపలికి దించాను. మా హెడ్లలో వంపుకు ముందు నేలలో ఒక చిన్న పల్లం ఉంటుంది, అది డ్రాయింగులోనే ఉంది. అక్కడికి వెళితే కొన నేలకు తగలడానికి గోళ్ళ రంగు గీత పోర్టు అంచు దాటి లోపలికి దిగాలి. మాస్టర్‌లో గీత ఇంకా బయటే ఉండగానే కొన ఆగిపోయింది. పల్లం లేదు. పైగా తగిలినప్పుడు లోహం తగిలినట్టు టక్కుమనలేదు. మైనం మీద గోరు పెట్టినట్టు మెత్తగా దిగింది. కొంచెం గీకి, బయటికి తీశాను.

కొనకు చిన్న పెచ్చు అంటుకుని ఉంది. ఒక వైపు వెండి రంగు. తిప్పి చూస్తే దాని కింద పసుపు, ఆ కింద కుంకుమ ఎరుపు, మళ్ళీ వెండి రంగు, మళ్ళీ పసుపు.

ప్రసాదరావు గారు కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశారు. ఏటా దసరాకు ఆయుధపూజ నాడు మెషిన్లన్నిటికీ పసుపు కుంకుమలు పెట్టాక, మాస్టర్ హెడ్డును బయటికి తీసి పీట మీద పెట్టి, దానికీ పసుపు కుంకుమలు చల్లి హారతి ఇచ్చేది ఆయనే. మర్నాడు దాన్ని తుడిచి, కొత్తదానిలా కనబడాలని వెండి రంగు వేసేది ఎవరో ఆయనకూ తెలుసు, ఏటా చూసిన నాకూ అప్పుడే వెలిగింది. యాదగిరిని పిలిపించమన్నాను.

యాదగిరి వచ్చి పెచ్చును అరచేతిలో పెట్టుకున్నాడు. గుర్తుపట్టడానికి రెప్పపాటు కూడా పట్టలేదు.

"గిది నేనే పూసిన. ఏటేట దసరకు పూస్తనే ఉన్న. మీద పూసి లోపట ఇడిస్తె మంచిగుండదని లోపట సుత బ్రష్ పెట్టి పూస్తుంటి. అన్నిట్ల పెద్దది గద మేడం, గది నల్లగయితె ఎట్ల?"

ఏళ్ళ తరబడి పూసిన రంగు జారి పల్లంలో చేరి, పసుపు కుంకుమలతో కలిసి గట్టిపడింది. పల్లం పూడిపోయి నేల ఎత్తయింది. వంపు మెత్తబడి గాలి అందంగా తిరగసాగింది. ఏ పోతలోనూ, ఏ డ్రాయింగులోనూ లేని పోర్టు అది. దానితో పోల్చితే ప్రపంచంలో ఏ హెడ్డైనా తప్పుతుంది. ఈ మాటలన్నీ యాదగిరికి చెబుతూంటే అతని ముఖం మారింది.

"అంటే నా మీద నేనే ఛార్జిషీట్ రాసుకున్ననా?" అని పకపకా నవ్వాడు. నవ్వుతూనే తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. నాకు నవ్వు రాలేదు.

గ్రాఫు కాగితం తెచ్చి అతని ముందు పరిచాను. ఒకదాని మీద ఒకటి పడ్డ గీతలు చూపించి, ఇవన్నీ నీ హెడ్లే, వేరు వేరు రోజుల్లో చేసినవి, నువ్వే చెప్పు చెయ్యి పోయిందో లేదో అన్నాను. అతను కాగితం చూశాడు. తర్వాత తన చెయ్యి చూసుకున్నాడు.

శనివారం విచారణ యథావిధిగా జరిగింది. సభ్యుల ఎదుటే మాస్టర్‌ను ఫ్లో బెంచి మీద కొలిచాను. తర్వాత వాళ్ళు చూస్తూండగా రంగు కరిగించే ద్రావకం పోసి, పోర్టును పూర్తిగా శుభ్రం చేయించాను. పొరలు పొరలుగా వెండి రంగు, పసుపు, ఎరుపు ట్రేలోకి కారాయి. కమిటీలో ఒకాయన అసంకల్పితంగా చెప్పులు విప్పేసి నిలబడ్డారు. ఆరనిచ్చి మళ్ళీ బిగించి మోటార్లు వేస్తే, ఈసారి మాస్టర్ కూడా కుక్కరులా మోత మొదలుపెట్టింది. నా జీవితంలో అంత ఇష్టంగా విన్న చెడ్డ శబ్దం ఇంకోటి లేదు. నీటి మట్టం సరిగ్గా యాదగిరి హెడ్ల మట్టం దగ్గరే ఆగింది. ఛార్జి మెమో రద్దయింది. హెడ్లు కొలిమికి పోలేదు. ప్రసాదరావు గారు క్షమాపణ చెప్పలేదు. కానీ ఆ రోజు క్యాంటీన్లో యాదగిరి పక్కన కూర్చుని టీ తాగారు. ఆయన అంతకుమించి చేసే మనిషి కాదు, యాదగిరి అంతకుమించి ఆశించే మనిషీ కాదు.

తర్వాత యాదగిరిని డాక్టరు దగ్గరికి పంపాను. వణుకు నిజమే, గ్రైండరు తగ్గించుకోమన్నారు. చెయ్యి పోకముందే ఆపుతానని అతనే అడిగి ఇన్‌స్పెక్షన్‌కు మారాడు. ఆ గొడుగును నాకంటే బాగా వాడేవాడు, నోటి దురుసు మాత్రం రవ్వంత తగ్గలేదు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. పల్లం పూడిస్తే గాలి బాగా పోతుందని తెలిశాక డిజైన్ విభాగం వాళ్ళు కొత్త హెడ్డులో పోర్టు నేలను ఎత్తి గీశారు. ఆ ఆలోచన ఎవరిదని యజమానులు అడిగినప్పుడు అందరూ నీళ్ళు నమిలారు.

ఆ దసరాకు యాదగిరి కుంకుమ భరిణె పట్టుకుని బీరువా ముందు నిలబడ్డాడు. మాస్టర్‌కు ఏమీ పూయకూడదని, కావాలంటే బీరువా తలుపుకు బొట్టు పెట్టుకోమని చెప్పాను. "దేవునికి సుత తాళమేసిన్రు గద మేడం" అని గొణుక్కుంటూ అద్దం మీద బొట్టు పెట్టాడు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ పరీక్ష మొదలుపెట్టినా ముందు మాస్టర్‌ను డ్రాయింగుతో కొలిపించేదాన్ని. కొత్తగా చేరిన ఇంజనీర్లు ఇదేం చాదస్తమని పెదవి విరిచేవారు. అంకెలు తేడా వచ్చినప్పుడు ముందుగా చూడవలసింది పనివాడి చేతిని కాదు, ఆ చేతిని దేనితో పోల్చామో దాన్ని. మాస్టర్‌ను కొలవకూడదని ఏ నిబంధనలోనూ లేదు, ఏ అధికారీ చెప్పలేదు. దాని ముందు హారతి పట్టిన మేమే అలా అనుకున్నాం.